స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం: సంతకానికి ముందు అడగవలసినవి

నమస్కారమండీ. స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగానికి సంతకం పెట్టబోతూ, ఆసుపత్రి, బడి, తాగునీరు ప్రభుత్వం చూసుకోవలసినవి కదా, వాటిని విదేశీ నిధులతో ఇలాంటి సంస్థలెందుకు నడుపుతున్నాయని అడిగారు. దీని మూలం 1980ల అప్పుల సంక్షోభంలో ఉంది. కొత్త అప్పు కావాలంటే ఖర్చు తగ్గించుకోవాలని ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్య నిధి షరతు పెట్టడంతో ఆఫ్రికాలో చాలా ప్రభుత్వాలు నియామకాలకు కోత పెట్టి, వైద్యానికి రుసుము వసూలు చేయసాగాయి. అలా ఏర్పడిన ఖాళీలోకే దాతల డబ్బుతో సంస్థలు వచ్చాయి.

వాటివల్ల ఒరిగిందేమీ లేదనడం అన్యాయం. బంగ్లాదేశ్‌లో 1972లో పుట్టిన బ్రాక్ సంస్థ, 1980 నుంచి పదేళ్లపాటు ఇంటింటికీ కార్యకర్తలను పంపి, విరేచనాలవుతున్న బిడ్డకు చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం కలిపిన నీళ్లు పట్టించడం తల్లులకు నేర్పింది. కొన్నాళ్లకు వేరొకరు వెళ్లి, తల్లికి ఎంత గుర్తుందో అడిగి, దాన్నిబట్టి కార్యకర్త జీతం కట్టేవారు. (మన నివేదికలకూ ఆ లెక్కే పెడితే ఎందరికి జీతమొస్తుందో!)

రెండో వైపు నేను కళ్లారా చూశాను. నేను మొదట చేరిన సంస్థ, పక్కనున్న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం నుంచి ఇద్దరు నర్సులను ఎక్కువ జీతం ఆశచూపి తెచ్చుకుంది. మా దగ్గర వరుస పెరిగింది, అక్కడ కాన్పుల గదికి తాళం పడింది. మూడేళ్లకు ప్రాజెక్టు ముగిసి మేము వెళ్లిపోయినా ఆ తాళం తీసేవారు లేకపోయారు. ఇలాంటివి మితిమీరడం వల్లనే, ప్రభుత్వ సిబ్బందిని లాక్కోబోమంటూ ఆరోగ్యరంగంలోని కొన్ని సంస్థలు 2008లో ఒక నియమావళి రాసుకున్నాయి. హైతీలోనైతే 2010 భూకంపం తర్వాత వచ్చిన అత్యవసర సహాయంలో అక్కడి ప్రభుత్వం చేతికి అందింది సుమారు ఒక్క శాతమే.

అందుచేత మీ జీతం సంగతి తేలాక, స్థానిక సిబ్బంది ఎక్కడినుంచి వచ్చారో, నిధులు ఆగిన మర్నాడు వారి జీతం ఎవరి పద్దులోకి వెళుతుందో కూడా అడగండి. జిల్లా ఆరోగ్య ప్రణాళికలో తమ పని ఎక్కడుందో చూపలేని సంస్థలో నేనైతే చేరను.

— మరో సభ్యుని జవాబు —

పై మాటతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, చివరి షరతు అన్ని సంస్థలకూ వర్తించదండీ. ప్రభుత్వాన్ని ఖర్చుల లెక్క అడిగే సంస్థ, నిర్వాసితుల తరఫున కోర్టుకెక్కే సంస్థ ప్రభుత్వ ప్రణాళికలో చోటు సంపాదించాయంటే నేను అనుమానించేది వాటినే. ముందుగా మీరు చేరబోయేది సేవలందించే సంస్థో, ఇలా ప్రభుత్వాన్ని నిలదీసే సంస్థో కనుక్కోండి.