సీబీ రేడియో కొనడానికి, ట్యూనింగ్‌కి ఏ షాపును నమ్మొచ్చు?

ప్రశ్న: బండిలో పెట్టుకోడానికి కొత్త సీబీ సెట్ (సిటిజన్స్ బ్యాండ్, అంటే దగ్గర దూరాల్లో మాట్లాడుకునే రేడియో) కొనాలి. అడిగిన ప్రతి షాపులోనూ "ట్యూన్ చేసిస్తాం, వాట్లు పెరుగుతాయి" అంటున్నారు. మంచి షాపును ఎలా గుర్తుపట్టాలి?

జవాబు 1: ముందు వాళ్ల బెంచీ మీద ఏముందో చూడండి. 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (పరీక్షలో యాంటెన్నా బదులు తగిలించేది), ఆసిలోస్కోప్ (సిగ్నల్ ఆకారం చూపేది), ఫ్రీక్వెన్సీ కౌంటర్ లేకుండా ఒక్క వాట్‌మీటర్‌తో కానిచ్చేవాళ్లకు సెట్ ఇవ్వొద్దు. 19వ ఛానెల్ సరిగ్గా 27.185 మెగాహెర్ట్జ్ దగ్గర ఉందా, క్యారియర్ (మాటను మోసే తరంగం) ఎన్ని వాట్లు, మాడ్యులేషన్ (ఆ తరంగం మీద మాట ఎక్కే మోతాదు) ఎంత శాతం? పనికి ముందూ తర్వాతా రీడింగులు రాసిమ్మనండి. నసిగితే వచ్చేయండి.

జవాబు 2: నేనైతే ఒక్కటే అడుగుతాను: "మాడ్యులేషన్ లిమిటర్ తీసేస్తారా?" అవునంటే ఆ షాపు వద్దు. లిమిటర్ లేకపోతే మాడ్యులేషన్ 100 శాతం దాటి క్యారియర్ తెగుతుంది, పక్క ఛానెళ్లకు చిందుతుంది. మీటర్ ముల్లు బ్రహ్మాండంగా ఊగుతుంది, మాట మాత్రం గరగర. అమెరికా నిబంధనల్లో ఏఎం పద్ధతిలో మాట్లాడే సెట్లకు 4 వాట్లే పరిమితి. దాన్ని 6 చేసినా పెరిగేది 2 డెసిబెల్స్ లోపే, అవతలివాళ్లకు తెలియను కూడా తెలియదు.

జవాబు 3: ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ యాంటెన్నా నుంచి ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత) మాత్రం యాంటెన్నా బండికి బిగించాకే చూడాలి. 1, 40 ఛానెళ్లలో కొలవండి. 40లో ఎక్కువుంటే యాంటెన్నా పొడవైంది, 1లో ఎక్కువుంటే పొట్టిది. రెండింట్లోనూ 3 దాటితే ముందు ఎర్త్, కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) కనెక్టర్లు చూసుకోండి. అది సరయ్యేదాకా మైక్ బటన్ నొక్కి మాట్లాడొద్దు, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు.