జాతీయ మద్య నిషేధం వద్దనే వినతిపత్రానికి సాయం కావాలి

దేశమంతటా మద్య నిషేధం పెట్టవద్దని వాదించే వినతిపత్రం తయారవుతోంది. ఒకచోట చిక్కుపడింది, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

మొదటి భాగం గట్టిగానే ఉంది. 5 శాతం బీరు లీటరులో ఉండే 50 మి.లీ. ఆల్కహాల్, 40 శాతం మద్యమైతే 125 మి.లీ.లోనే ఇమిడిపోతుంది. దొంగచాటుగా మోసేవాడు ఏది ఎత్తుకుంటాడో వేరే చెప్పాలా? అందుకే నిషేధం ఉన్నచోట ఘాటు సరుకుదే రాజ్యం. అందులో పారిశ్రామిక ఆల్కహాల్ కలిపితే మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ చేరే ప్రమాదం ఉంది. అది కాలేయంలో ఫార్మాల్డిహైడ్‌గా, ఆపై ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. లక్షణాలు తరచు 12 నుంచి 24 గంటల తర్వాతే బయటపడతాయి. పట్టుబడతామన్న భయం తోడైతే ఆసుపత్రికి చేరేలోపే చూపు పోవచ్చు. ఈ పేరాలో ఒక్క ముక్క కూడా తీసేది లేదు.

చిక్కల్లా అమెరికా దగ్గరే. 1920-33 నిషేధ కాలంలో అక్కడ సిరోసిస్ (కాలేయం గట్టిపడి పాడైపోయే జబ్బు) మరణాలు తక్కువ. అవతలివాళ్లు ముందు పట్టుకునేది ఇదే. దాచిపెడితే మన మాట ఎవరూ నమ్మరు. అయితే ఆ తగ్గుదల చాలావరకు 1920కి ముందే వచ్చింది. రాష్ట్రాల సొంత నిషేధాలు, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మద్యం తయారీకి ధాన్యం వాడకంపై ఆంక్షలు, వీటి ప్రభావాన్ని జాతీయ నిషేధం నుంచి ఎలా విడదీయాలి? రాష్ట్రాలవారీగా పోలిస్తే సరిపోతుందా? సిరోసిస్ ముదరడానికి ఏళ్లు పడుతుంది కదా, ఎన్నేళ్ల తేడా పెట్టి లెక్కించాలి?

ఇంకొకటి. ప్రత్యామ్నాయంగా, సీసా ధరమీద కాకుండా లోపలున్న ఆల్కహాల్ మి.లీ. లెక్కన పన్ను వేయాలని కోరుతున్నాం. జనం దొంగసారాకు మళ్లకుండా ఆ పన్ను ఎక్కడ ఆపాలో తేల్చే పద్ధతి ఏదైనా ఉందా?