ఆటిజం ఉన్న పిల్లల తల్లుల ఆదివారం కూడికకు రావడం మానేసిన తల్లిని ఎలా కలుసుకోవాలి?

కొర్లగుంట అమ్మ, తిరుపతి:

అందరికీ నమస్కారం. మా బాబుకు నాలుగేళ్ల రెండు నెలలు. ఆటిజం అని తెలిసి ఏడాదిన్నర అయింది. వారానికి రెండు రోజులు స్పీచ్ థెరపీకి, ఒక రోజు రోజువారీ పనులు అలవాటు చేసే ఆక్యుపేషనల్ థెరపీకి తీసుకెళ్తాం. మిగతాదంతా ఇంట్లోనే. మా వారు కొండ బస్సులో కండక్టరు. ఒక వారం తెల్లవారుజామున డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. అందుకని బాబు పని ఎక్కువగా నా చేతి మీదే నడుస్తుంది. అయితే ఈరోజు నేను అడగాలనుకున్నది బాబు గురించి కాదు.

థెరపీ సెంటరు వరండాలో బెంచీ మీద కూర్చుని పరిచయమైన తల్లులం నలుగురం ఉన్నాం. రేణిగుంట నుంచి ఒకరు, తిరుచానూరు నుంచి ఒకరు, చంద్రగిరి నుంచి ఒక అక్క, నేను. పోయిన శ్రావణ మాసం నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి మా మిద్దె మీద కలుస్తున్నాం. థెరపిస్టు నోట్‌బుక్‌లో రాసిచ్చింది చదివితే తేలికగానే ఉంటుంది. ఇంటికొచ్చి బిడ్డ ముందు కూర్చుంటే చేయి ఆడదు. అందుకే ఒకరు తమ బిడ్డతో చేసి చూపిస్తారు, ఇద్దరు పక్కన కూర్చుని చూస్తారు, ఒకరు మిగతా పిల్లల్ని పట్టుకుంటారు. బేసిన్ నిండా రాగులు పోసి అందులో బొమ్మలు దాచి వెతికించడం, పాత చీరతో ఉయ్యాల కట్టి ఊపుతూ మధ్యలో ఆపి "ఇంకా" అని అడిగేదాకా చూడడం, ఇలాంటివి. "నువ్వు ఒకసారి అడిగి, వాడు ఆలోచించేలోపే మళ్లీ అడుగుతున్నావు. వాడికి సమయం ఇవ్వు" అని నా తప్పు పట్టి చూపింది చంద్రగిరి అక్కే. ఆ ఒక్క మాటతో నేను చేసే తీరే మారిపోయింది.

మా ఇంట్లో ఒక చిన్న స్టీలు డబ్బా ఉంది. అందులో బొరుగులు పోసి, మూత బిగించి బాబు చేతికిస్తాను. వాడు తెరవలేక తెచ్చి నా అరచేతిలో పెడతాడు. నేను వెంటనే తెరవకుండా వాడి ముఖంలోకి చూస్తూ మనసులో ఐదు లెక్కపెట్టాలి. ఐదు నెలలుగా రోజుకు పదిసార్లకు తక్కువ కాకుండా చేశాను. ఒక మంగళవారం పొద్దున నాలుగు అని లెక్కపెట్టేసరికి వాడి నాలుక పైపళ్ల వెనక ఆనింది. "తె" అన్నాడు. తెరువులోని తె. నా చేతులు వణికి బొరుగులన్నీ నేల మీద పడ్డాయి. వాడు ఒక్కొక్కటే ఏరుకుని తింటుంటే నేను గోడకు ఆనుకుని అలాగే ఉండిపోయాను.

ఆ ఆదివారం కజ్జికాయలు చేసి అందరికీ పెట్టాను. జరిగింది మూడుసార్లు చెప్పాను, ఫోనులో వీడియో చూపించాను. అందరూ బాబును ముద్దు చేశారు. చంద్రగిరి అక్క కూడా నా భుజం నిమిరింది. కానీ కజ్జికాయ సగమే తిని మిగతా సగం కాగితంలో చుట్టుకుంది. వాళ్ల పాపకు ఐదున్నరేళ్లు. రెండేళ్లకు పైగా ఇంట్లో ఒక్కరోజు కూడా మానకుండా చేయిస్తోంది. పాపకు ఇంకా మాట రాలేదు.

ఆ తర్వాత మూడు ఆదివారాలు ఆమె రాలేదు. మొదట పాపకు జలుబు అంది, తర్వాత చుట్టాలు వచ్చారంది, పోయిన వారం ఫోనే ఎత్తలేదు. నా సంతోషమే ఆమెను దూరం చేసిందన్న బాధ రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వడం లేదు. ఆమె ఇంటికి వెళ్లనా? వెళ్లి ఏమని మొదలుపెట్టాలి? ఇకమీదట మా కూడికలో మంచి వార్తలు చెప్పుకోవడం మానేయాలా? ఇలాంటిది మీకు ఎదురైతే ఏం చేశారో చెప్పండి.

చిత్తూరు నాన్న:

అమ్మా, మా అబ్బాయికి ఇప్పుడు పన్నెండేళ్లు. మీ చంద్రగిరి అక్క ఉన్న చోట నేనూ ఉన్నాను. వాడికి ఐదేళ్లప్పుడు మాతోపాటు రాయవేలూరు ఆసుపత్రికి వచ్చే ఇంకో అబ్బాయి గడగడా మాట్లాడడం మొదలుపెట్టాడు. ఇద్దరిదీ ఒకే వయసు, ఇద్దరికీ ఒకే కార్యక్రమం ఇచ్చారు. ఆ తండ్రి మంచివాడు, నాకు ఏ కీడూ చేయలేదు. అయినా ఎనిమిది నెలలు ఆయన ఎదురుపడకుండా తప్పుకు తిరిగాను. ఇంట్లో కూడా సగం పనులు మానేశాం. నా భార్య ఒక్కతే మోసింది.

ఒకరోజు సాయంత్రం ఆయనే మా గుమ్మంలో నిలబడ్డాడు. నన్ను ఓదారుస్తాడేమోనని భయపడ్డాను. చేతిలో వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం పరీక్ష కాగితాలు, వైకల్య గుర్తింపు కార్డు దరఖాస్తు ఉన్నాయి. "అన్నా, ఇవి నాకు అర్థం కావడం లేదు, నువ్వు ఆఫీసులో పనిచేస్తావు కదా, నింపిపెట్టు" అన్నాడు. గంటన్నర కూర్చుని నింపాను. ఆరోజు రాత్రి మా వాడితో మళ్లీ నేల మీద కూర్చున్నాను. మీరూ ఓదార్చడానికి వెళ్లకండి. ఆమెకు తెలిసిన పని ఏదైనా ఉంటే, మీకు నిజంగా అవసరమైనది, దాన్ని అడగడానికి వెళ్లండి.

ఇంకొకటి. మాకు నేర్పిన థెరపిస్టు నోట్‌బుక్‌లో పేజీని రెండుగా గీయించేది. ఎడమ పక్క బిడ్డ చేసింది, కుడి పక్క మనం చేసింది. ఐదు లెక్కపెట్టి ఆగాను, పన్నెండుసార్లు. స్నానం చేయించేటప్పుడు కాలు, చేయి, పొట్ట అని పేర్లు చెప్పాను, రెండు పూటలా. ఎడమ పక్క వారాల తరబడి ఖాళీగా ఉన్నా కుడి పక్క నిండుతూనే ఉంటుంది. అది మన చేతిలో ఉన్నది. తర్వాత మేము నడిపిన కూడికలో కుడి పక్క మాత్రమే చదివేవాళ్లం. పిల్లల మాటల సంగతి బయట చెప్పుకునేవాళ్లం. మీ కూడికలో కూడా కొన్నాళ్లు అలా చేస్తే మంచిదని నా అభిప్రాయం.

పలమనేరు తల్లి:

కుడి పక్క, ఎడమ పక్క చాలా మంచి పద్ధతి. కానీ మంచి వార్తలు బయట చెప్పుకోవాలన్న మాట నేను ఒప్పుకోలేను. నా ఎదుట పక్క తల్లి తన సంతోషాన్ని మింగేసిందని తెలిస్తే నాకు ఇంకా నొప్పి. నా బిడ్డను చూసి జాలిపడుతున్నారని కదా దాని అర్థం. నేనూ ఒక గుంపులోంచి వెళ్లిపోయినదాన్నే. ఎవరి బిడ్డ మాట్లాడినందుకో వెళ్లలేదు. ఎవరి బిడ్డ మాట్లాడినా ఆ వెంటనే నా వైపు తిరిగి "మీ పాప ఇంకా ఏమీ అనడం లేదా?" అని అడిగేవాళ్లు. అందుకు వెళ్లిపోయాను. ఆ ప్రశ్న ఒక్కటి మీ మిద్దె మీద వినబడకుండా చూసుకోండి చాలు.

తొందరగా వెళ్లండి అని కూడా చెబుతున్నాను, దానికి కారణం ఉంది. నేను ఒంటరిగా ఉన్న ఆ నెలల్లోనే ఒకరు స్టెమ్ సెల్ చికిత్స చేస్తే మాటలు వస్తాయని నన్ను నమ్మించారు. లక్షల్లో ఖర్చు. గొలుసు, గాజులు తాకట్టు పెట్టడానికి మూట కట్టుకున్నాను. ఆటిజానికి ఆ చికిత్స పనిచేస్తుందని రుజువు కాలేదని, భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ వ్యాధులకు తప్ప మిగతావాటికి అది అనుమతి పొందిన పరిశోధనలో భాగంగా మాత్రమే జరగాలని మా పిల్లల డాక్టరు గారు కూర్చోబెట్టి చెప్పారు. నగలు తాకట్టు పెట్టడానికి ముందురోజు ఆయన దగ్గరకు నన్ను లాక్కెళ్లింది మా పాత గుంపులోని ఒక తల్లే. ఎనిమిది వారాలుగా నేను ఆమె ఫోను ఎత్తలేదు. అయినా ఆమె బస్సెక్కి వచ్చింది. డబ్బు కట్టే ముందు అడగడానికి ఒక మనిషి ఉండాలి. మీ అక్కకు ఆ మనిషి ఉన్నారో లేదో చూడండి.

కొర్లగుంట అమ్మ:

ఇద్దరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. "పాప ఇంకా ఏమీ అనలేదా అక్కా" అని ఆ ఆదివారం నేనే అడిగాను. ప్రేమతోనే అడిగాననుకున్నాను. మీరు రాసింది చదివాక ఆమె ముఖం కళ్ల ముందు మెదిలింది.

అడగడానికి నిజమైన పని కూడా ఒకటి ఉంది. బాబు తలనీలాలు ఇస్తామని మొక్కుకున్నాం, మూడేళ్లుగా అలాగే ఉంది. తల మీద దువ్వెన పెట్టినా గుక్కపట్టి ఏడుస్తాడు. వాళ్ల పాపకు పోయిన ఏడాది కల్యాణకట్టలో గుండు చేయించారు, ఒక్క చుక్క కన్నీరు లేకుండా కూర్చుందని విన్నాను. ఎలా చేశారో ఏనాడూ అడగలేదు. బుధవారం వెళ్తున్నాను.

శ్రీకాళహస్తి నుంచి ఒక ప్రత్యేక విద్య టీచరు:

వెళ్లేముందు రెండు మాటలు. పద్నాలుగేళ్లుగా ఈ పిల్లలతో పనిచేస్తున్నాను. కొంతమంది పిల్లలకు మాట ఆలస్యంగా వస్తుంది, కొంతమందికి ఎప్పటికీ కొన్ని మాటలే ఉంటాయి. తల్లి చేసిన గంటలు లెక్కపెట్టి దీన్ని చెప్పలేం. ఆ పాపకు బెరా లాంటి వినికిడి పరీక్ష చేయించారో లేదో మెల్లగా తెలుసుకోండి, చాలామందికి అది చేయకుండానే థెరపీ మొదలవుతుంది. బొమ్మల కార్డులు, సైగలు వాడుతున్నారా? కార్డులు అలవాటైతే మాట రాదన్న భయంతో చాలా ఇళ్లలో వాటిని దాచేస్తారు. పరిశోధనల్లో అలా తేలలేదు, పిల్లలకు అవి మాటకు దారి తీసిన సందర్భాలే నేను ఎక్కువ చూశాను. నీళ్ల బొమ్మ తెచ్చి అమ్మ చేతిలో పెట్టిన బిడ్డ అడిగినట్టే లెక్క.

మరొకటి డబ్బు. జలుబు, చుట్టాలు అని చెప్పే తల్లుల్లో బస్సు చార్జీలు, ఫీజులు కట్టలేక ఆగిపోయినవాళ్లు కూడా ఉంటారు. సదరం ధ్రువపత్రంలో 40 శాతం, ఆపైన వస్తే రాష్ట్ర ప్రభుత్వం 2024 జులై నుంచి ఇస్తున్న నెలకు 6,000 రూపాయల పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది, అందులో కొంత పరిమితి మేరకు థెరపీ ఖర్చు కూడా వస్తుంది. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఉంటే అక్కడి టీచరును ఒకసారి కలవమనండి.

కొర్లగుంట అమ్మ:

వెళ్లొచ్చాను. చదివినవాళ్లందరికీ చెప్పాలనిపించి రాస్తున్నాను.

తలుపు తీసి నన్ను చూసి అక్క ఒక క్షణం ఏమీ అనలేదు. "బాబు గుండు గురించి అడగడానికి వచ్చానక్కా, నాకు చేతకావడం లేదు" అన్నాను. "లోపలికి రా" అంది. కాఫీ పెట్టలేదు, మాట కలపలేదు, నేరుగా వంటింట్లోంచి ఒక చెంచా తెచ్చింది. నేల మీద కూర్చుని బాబును తన ఒడిలో వెనక్కి తిప్పి కూర్చోబెట్టుకుంది.

మొదట తన అరచేతిని వాడి నడినెత్తిన గట్టిగా ఆనించి ఉంచింది. సుతారంగా తాకితే ఈ పిల్లలకు చక్కిలిగింతలాగా, మంటలాగా ఉంటుందట, బరువుగా ఆనిస్తే ఓర్చుకుంటారట. తర్వాత చెంచా వెనక భాగాన్ని చెవి పైన ఒక్కసారి జరిపి, "ఒకటి" అని తీసేసింది. బాబు మెడ ముడుచుకున్నాడు, అరవలేదు. చేతికి ఒక బొరుగు. మళ్లీ "ఒకటి, రెండు". పది లెక్కపెట్టేదాకా రావడానికి పాపకు రెండు నెలలు పట్టిందని చెప్పింది. పది అయితే అయిపోతుందని తెలిశాక పాప భయపడడం మానేసిందట. కల్యాణకట్ట ఫోటోలు వరుసగా అతికించిన అట్ట చూపించింది. టోకెను, బ్లేడు, వరుస, నీళ్లతో తల తడపడం, కత్తి, స్నానం, కొత్త గౌను. ఆ అట్టను పాప ఇప్పటికీ దిండు కింద పెట్టుకుంటుంది.

మేము మాట్లాడుతుంటే పాప వచ్చి అమ్మ చేతిలోని చెంచా లాక్కుంది. బాబు చెవి పైన ఒకసారి జరిపి, తీసేసి, తన వేలు ఒకటి పైకెత్తి చూపింది. ఇంకోసారి జరిపి రెండు వేళ్లు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనూ ఏడ్చాను. ఆ రోజు నోట్‌బుక్‌లో ఎడమ పక్క ఆ సంగతి రాసింది అక్కే.

నేను అడిగిన ఆ ప్రశ్నకు క్షమించమన్నాను. "దానికి కాదులే" అని మొదలుపెట్టి, కాసేపు ఆగి, "దానికి కూడా" అంది. ఫీజు రెండు నెలలుగా కట్టలేదని కూడా అప్పుడే చెప్పింది. టీచరు గారు రాసినట్టు సదరం కాగితాలకు వచ్చే వారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం. వినికిడి పరీక్ష చేయించారట, బాగానే ఉందట. ఈ ఆదివారం కూడిక చంద్రగిరిలో, వాళ్ల ఇంటి వసారాలో. రేణిగుంట, తిరుచానూరు వాళ్లు కూడా వస్తున్నారు.

మీలో ఎవరైనా పిల్లలకు తలనీలాలు ఇవ్వాలనుకుంటే అక్క రాయమన్న మాట ఇంకొకటి ఉంది. వాళ్ల పాప కత్తికి ఏడవలేదు కానీ, అయిపోయాక గుండుకు చల్లటి గంధం పూయగానే కేకలు పెట్టిందట. దాన్ని ముందుగా అలవాటు చేయడం మరిచిపోయిందట. నిన్న రాత్రి సానరాయి మీద కొంచెం గంధం తీసి బాబు అరచేతిలో పెట్టాను. వాసన చూసి గోడకు పూశాడు. ఇవాళ మోచేతి దాకా తీసుకెళ్లాలి.