తలకు తగిలిన దెబ్బను చిప్ మీద చూడొచ్చా? ప్రాజెక్టుకు సలహా కావాలి

మద్దిలపాలెం బయోటెక్:
అందరికీ నమస్కారం. వైజాగ్‌లో ఎమ్మెస్సీ బయోటెక్ ఫైనలియర్ చదువుతున్నాను. ప్రాజెక్టుకి మైక్రోఫ్లూయిడిక్ చిప్‌లో (సన్నటి కాలువల్లో కణాలు పెంచే చిన్న పరికరం) తల గాయం మోడల్ చేద్దామనుకుంటున్నాను. కారణం మా పెద్దనాన్న గారి అబ్బాయి. ఆనందపురం దగ్గర హైవే మీద బైక్ మీంచి పడ్డాడు. సీటీ స్కాన్ నార్మల్ అన్నారు. నెలలు గడిచినా చదివింది గుర్తుండట్లేదు, ఎండలోకి వస్తే తలనొప్పి. స్కాన్‌లో కనపడకుండా లోపల దెబ్బతిన్నదేమిటి? పుర్రె, రక్తం ఏవీ లేని చిన్న చిప్‌లో అది తెలుస్తుందా? ఎలుకల మీద చేస్తే సరిపోతుంది కదా అంటున్నారు మా క్లాసువాళ్లు.

చిప్ ల్యాబ్ గాజువాక:
మీ అన్నయ్యకు ఏమైందో చిప్ చెప్పదమ్మా. అలాంటి గాయంలో ఆక్సాన్‌కి, అంటే నరకణం నుంచి బయటికి సాగే సన్నటి పోగుకి, ఏమవుతుందో మాత్రం చాలా దగ్గరగా చూపిస్తుంది. తల ఒక్కసారి విసురుగా తిరిగితే మెదడులోని పొడవాటి ఆక్సాన్లు సాగుతాయి. ఒక్కోటి సుమారు 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం, సీటీకి అందదు. పిండిముద్దను మెల్లగా లాగితే సాగుతుంది, గుంజితే తెగుతుంది. ఆక్సాన్‌దీ అదే గుణం. నెమ్మదిగా సాగితే తట్టుకుంటుంది, పదుల మిల్లీసెకన్లలో సాగితే లోపలి మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నటి గొట్టాలు విరుగుతాయి. వాటి వెంట నడిచే రవాణా అక్కడే ఆగి, సరుకు పోగుపడి, ఆక్సాన్ అక్కడక్కడా ఉబ్బుతుంది. మైక్రోస్కోప్ కింద మనం లెక్కపెట్టేది ఆ ఉబ్బులనే. కాల్షియం లోపలికి చేరడంతో తర్వాతి గంటల్లోనూ నష్టం సాగుతూనే ఉంటుంది. నాకు ఆ గంటలే ముఖ్యం. మందుతో ఆపగలిగేది ఏదైనా ఉంటే అది అప్పుడే.

2005లో కాలిఫోర్నియా యూనివర్సిటీ అర్వైన్ బృందం చేసిన చిప్‌ గురించి ముందు చదవండి. రెండు గదులు, మధ్యలో 3 మైక్రాన్ల ఎత్తు, 10 మైక్రాన్ల వెడల్పు కాలువలు. కణం దూరదు, ఆక్సాన్ దాటుతుంది. ఒక గదిలో ద్రవం మట్టం కాస్త ఎక్కువగా ఉంచితే అవతలి మందు ఇవతలికి రాదు. అంటే ఆక్సాన్‌నే గాయపరిచి, మందు కూడా దానికే ఇచ్చి, ఇవతల కణం ఏం చేస్తుందో చూడొచ్చు. బతికున్న ఎలుక తలలో ఇంత విడివిడిగా చూడటం చాలా కష్టం.

ఒక్కటి గమనించండి. ఆ చిప్‌లో వ్యాక్యూమ్‌తో పీల్చి ఆక్సాన్లు తెంపుతారు. బైక్ మీంచి పడినప్పుడు జరిగేది ఎక్కువగా సాగడం. దానికి పలచటి పీడీఎంఎస్ (సాగే సిలికాన్ రబ్బరు) పొర మీద కణాలు పెంచి, కింద నుంచి గాలి ఒత్తిడితో ఒక్క ఉదుటున ఉబ్బించాలి. ఎంత సాగిందో, ఎంత వేగంగా సాగిందో రెండూ కొలవాలి. వేగం రాయని రిపోర్టును నేను నమ్మను.

న్యూరో వార్డు:
నేను న్యూరోసర్జరీలో పనిచేస్తాను. మా పేషెంట్లలో చాలామందికి మొదటి దెబ్బ కంటే తర్వాత వచ్చే వాపు, పుర్రెలో పెరిగే ఒత్తిడి, బీపీ పడిపోవడం, ఆక్సిజన్ తగ్గడం ప్రమాదం. ఇవేవీ మీ చిప్‌లో ఉండవు. దాన్ని మెదడు మోడల్ అనకండి.

అలాగని ఎలుకలతో సరిపోతుందన్న మాటా ఒప్పుకోను. తల గాయానికి మందుగా ప్రొజెస్టెరాన్ హార్మోన్ జంతువుల్లో ఎంతో ఆశ పుట్టించింది. ప్రోటెక్ట్-3, సినాప్స్ అనే రెండు పెద్ద ట్రయల్స్‌లో మనుషులకు ఉపయోగం కనపడలేదని 2014లో తేలింది. ఎలుక మెదడు నున్నగా ఉంటుంది, మడతలు ఉండవు, వైట్ మ్యాటర్ (ఆక్సాన్ల కట్టలుండే భాగం) వాటా కూడా మనకంటే చాలా తక్కువ. దెబ్బ తీరే వేరు.

మీ అన్నయ్యను న్యూరాలజీ ఓపీకి తీసుకెళ్లండి. సీటీ నార్మల్ అంటే పెద్ద రక్తస్రావం, ఎముక విరగడం కనపడలేదని. మెదడుకు ఏమీ కాలేదని కాదు. ఎమ్మారై అవసరమో లేదో వాళ్లు చూసి చెప్తారు.

మద్దిలపాలెం బయోటెక్:
చాలా థాంక్స్ సర్, డాక్టర్ గారూ. ఈ వారమే అన్నయ్యను తీసుకెళ్తాం. ప్రాజెక్టు పేరు 'ఆక్సాన్ సాగుడు గాయం'గా మారుస్తున్నాను. మనిషి స్టెమ్ సెల్స్ (ఏ రకం కణంగానైనా మారగల మూలకణాలు) నుంచి చేసిన న్యూరాన్లు, అంటే నరకణాలు, వాడాలా, ఎలుకవి చాలా?

చిప్ ల్యాబ్ గాజువాక:
మీ టైమ్‌కి, బడ్జెట్‌కి ఎలుక కార్టెక్స్ (మెదడు పై పొర) న్యూరాన్లే నయం. ఎథిక్స్ కమిటీ అనుమతికి ఇప్పుడే పెట్టండి, ఆలస్యమవుతుంది. మనిషి కణాల మీద పని గురించి హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్లను అడగొచ్చు. మందు పరీక్షించేటట్టయితే నూనె స్వభావం ఉన్నవాటిని పీడీఎంఎస్ పీల్చేసుకుంటుంది, మీరు వేసిన డోసు కణానికి అందదు. సాగదీయని చిప్ ఒకటి ప్రతిసారీ పక్కన పెట్టండి, మీడియా (కణాలు పెరిగే పోషక ద్రవం) మార్పు కూడా రెండింటికీ ఒకే సమయంలో చేయండి. మొదటి ఫొటోలు వచ్చాక ఇక్కడ పెట్టండి, ఉబ్బులు లెక్కపెట్టే పద్ధతి కలిసి చూద్దాం.