దివ్యకరుణ జపమాల: మూడో దశకం దగ్గర నమ్మిక సడలిపోతోంది, ఏం చేయాలి?

మధ్యాహ్నం 3 గంటలకు, ప్రభువు సిలువపై ప్రాణం విడిచిన ఘడియలో, నేను దివ్యకరుణ జపమాల (దేవుని కరుణను వేడుకొంటూ పూసలపై చెప్పే కతోలిక ప్రార్థన) చెప్పుకొంటున్నాను. పోలండ్ కన్యస్త్రీ పునీత ఫౌస్టీనా 1935లో విల్నియస్‌లో (నేటి లిథువేనియా రాజధాని) ప్రభువు నుంచి అందుకున్న క్రమాన్నే పాటిస్తున్నాను: మామూలు జపమాల పూసలపైనే పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం చెప్పి, ఆపై ప్రతి పెద్దపూసపై నిత్యపితకు అర్పణ, పదేసి చిన్నపూసలపై లోకమంతటి కోసం కరుణను వేడుకోవడం, చివర మూడుసార్లు పరిశుద్ధ దేవుని స్తుతి.

మొదటి రెండు దశకాలు (పదేసి చిన్నపూసల వరుసలు) నిబ్బరంగానే సాగుతాయి. మూడోది మొదలయ్యేసరికి వేళ్లు, నాలుక తమ పని తాము చేసుకుపోతుండగా, మనసు మాత్రం పాత పాపాల లెక్కలోకి జారి, క్షమాపణ నాకు నిజంగా దొరికిందా అన్న సందేహం దగ్గర ఆగిపోతుంది. పాపసంకీర్తనం (గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవడం) చేశాను కనుక ఈ సందేహానికి ఆధారం లేదని బుద్ధికి తెలుసు. ఆ ఎరుక ప్రార్థనలోకి దిగి రావడం లేదు.

వేగం తగ్గించి చూశాను, దశకానికొక వ్యక్తిని తలచుకున్నాను, వేళను ఉదయానికి మార్చాను. వీటివల్ల తేడా కనిపించలేదు. యేసు దివ్యకరుణ పటం ఎదుట కళ్లు తెరిచి చెప్పినప్పుడు కొంత మేలు అనిపించింది గాని, అదీ నాలుగో దశకం దాకానే. పూసలు పక్కనపెట్టి చెప్పడం మరీ కష్టమైంది.

ఈ జపమాలను చాలాకాలంగా చెప్పుకొంటున్నవారిని అడుగుతున్నాను: దశకం మధ్యలో ఇలాంటి సందేహం తలెత్తినప్పుడు, మీరు అక్కడే ఆగి “యేసువా, నిన్ను నమ్ముచున్నాను” అని చెప్పి తిరిగి మొదలుపెడతారా, లేక దానిని పట్టించుకోకుండా తర్వాతి పూసకు సాగిపోతారా?