టెంప్లేట్‌కి "మూస" సరిపోతుందా?

ప్రశ్న:
పిల్లల పత్రికకి ఫెరిటిన్ మీద వ్యాసం రాస్తున్నానండి. రక్తపరీక్ష రిపోర్టుల్లో కనిపించే ఫెరిటినే. 24 ముక్కలు కలిసి బోలు బంతిలా కూడుకునే ప్రోటీన్. బయటి కొలత సుమారు 12 నానోమీటర్లు, లోపలి ఖాళీ 8. ఒంట్లో ఇనుము దాచుకునే డబ్బా అన్నమాట. 1991లో బ్రిటన్‌లో స్టీఫెన్ మాన్ బృందం ఈ బంతి లోపల మాంగనీస్ ఆక్సైడ్, యురేనియం సమ్మేళనం లాంటివి తయారుచేసి చూపించింది. లోపల తయారయ్యే రేణువు బంతి గోడ దాటి పెరగలేదు కాబట్టి ఆ ఖాళీని మించిన సైజు రాదు. ఇలాంటి ప్రోటీన్‌ని ఇంగ్లిష్‌లో టెంప్లేట్ అంటారు. నేను "అచ్చు" అని రాస్తే ఎడిటర్ గారు "మూస" అని దిద్దారు. మూస అంటే నాకు మూస సినిమాలే గుర్తొస్తాయి. ఏది ఉంచను? (ప్రోటీన్ బదులు మాంసకృత్తులు అనమని మాత్రం చెప్పకండి, ఆ గొడవ ఇంకో రోజు.)

జవాబు:
మాది కంసాలి ఇల్లు. మా తాత కుంపట్లో పెట్టి బంగారం కరిగించే చిన్న మట్టి పాత్రనే మూస అనేవాడు. అందులో ఆకారం రాదు, కరగడమే. ఆకారం కావాలంటే వేరే అచ్చులో పోయాలి. అచ్చు పనిచేసేది తయారైన సరుకు మీద. మీ ఫెరిటిన్ అలా కాదు కదా? ఇనుము సన్నటి దారుల్లోంచి లోపలికి వెళ్లి, అక్కడే ఆక్సిజన్‌తో కలిసి, అక్కడే ఖనిజమవుతుంది. పని జరిగే పాత్రా అదే, హద్దూ అదే. ఎడిటర్ గారిదే రైటు.

జవాబు:
మూస సంస్కృతం "మూషా" నుంచి వచ్చింది. రసశాస్త్రంలో (ఆయుర్వేదంలో లోహాలతో మందులు చేసే విద్య) మూత పెట్టి మూసేసిన మూషను అంధమూష అంటారు. అన్ని వైపులా మూసుకున్న ఫెరిటిన్‌కి ఇంకా దగ్గరి మాట, కానీ పిల్లలకి వద్దు లెండి. మూసకి పోత అచ్చు అనే అర్థం కూడా ఉంది. సినిమాల మూస అదే, ఒకదానిలాగే ఇంకొకటి రావడం. ఇక్కడ మనకు కావాల్సిందీ అదే, తిట్టు ఒక్కటే ఎక్కువైంది.

జవాబు:
అన్ని ప్రోటీన్లకీ మూస అంటే నేనొప్పుకోను. ఆవు రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌తో 2009లో బంగారం గుంపులు చేశారు. ఒక్కో గుంపులో 25 పరమాణువులు, అతినీలలోహిత కాంతిలో ఎర్రగా వెలుగుతాయి. ఆల్బుమిన్ బోలు బంతి కాదు. క్షార ద్రావణంలో, 37 డిగ్రీల వెచ్చదనంలో, బంగారు లవణానికి ఎలక్ట్రాన్లిచ్చి లోహంగా మార్చేదీ, ఎక్కువ పెరగకుండా చుట్టుకుని పట్టుకునేదీ ఆ ప్రోటీనే. అది మూసేమిటి, కంసాలి!

ప్రశ్న వేసినవారు:
అన్నా, తాతగారి కుంపటితో నా పని తేలికైంది. ఫెరిటిన్‌కి మూస ఖాయం. ఆల్బుమిన్‌కి "కంసాలి ప్రోటీన్" అని పెడుతున్నా. ఎడిటర్ గారు ఏమంటారో రేపు చెప్తా.