కొత్త కారులో పాతకాలం ఫోను సరంజామా: తప్పు కంపెనీదా, మనం ఎక్కువ ఆశిస్తున్నామా?

మహదేవపుర, ఊరు చిత్తూరు

నెలన్నర కిందట కారు తీసుకున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ గొడవ కాదు. ఇంజను బాగుంది, బ్రేకులు బాగున్నాయి, మొగిలి ఘాట్‌లో బండి రోడ్డును బాగా పట్టుకుంటుంది. నా బాధంతా డాష్‌బోర్డు మధ్యలో ఉన్న ఆ పది అంగుళాల తెరతోనే.

మొదటి వారం బెంగళూరు నుంచి మా ఊరు చిత్తూరుకు బయల్దేరాను. హోసకోటె దాటాక ఫోను మోగింది. తెర మీద నాలుగు ఖాళీ డబ్బాలు. నా ఫోనులో ఇంటివాళ్ల పేర్లన్నీ తెలుగులోనే పెట్టుకున్నాను. ఈ తెరలో తెలుగు అక్షరాలు లేవు, అందుకని ఒక్కో గుర్తుకు ఒక్కో డబ్బా వేస్తోంది. అమ్మ అంటే అ, మ, పొల్లు, మ. మొత్తం నాలుగు. అన్నకూ నాలుగే, అక్కకూ నాలుగే, అత్తకూ నాలుగే. నాన్నకు మాత్రం ఐదు, దీర్ఘం కూడా ఉంది కాబట్టి. ఎనభైలో పోతూ డబ్బాలు లెక్కపెట్టుకుని ఎవరు చేశారో పోల్చుకోవాలా?

ఎత్తితే అమ్మ. "ఏంది నాయనా, గొంతు అట్లుంది, జ్వరమా?" అంది. నాకేమీ లేదు. ఆమె గొంతు కూడా నాకు బావిలోంచి వస్తున్నట్టే ఉంది. ముళబాగిలు దగ్గర టీకి ఆగినప్పుడు బ్లూటూత్ తీసేసి ఫోనులోనే మాట్లాడితే పక్కన కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా ఉంది. అదే సిమ్, అదే ఫోను.

ఇక వైరు. నేను కొన్న వేరియంటులో ఫోను తెరకు కలవాలంటే వైరు పెట్టాల్సిందే. కారులో ఉన్నది పాత వెడల్పు యూఎస్‌బీ. ఫోనుతో వచ్చిన వైరుకు రెండు వైపులా సన్నటి సీ పిన్నే. లక్షలు పోసి కొన్న కారు కోసం మళ్లీ వైరు వెతుక్కున్నాను.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది వేరే ఉంది. కారులో కంపెనీ పెట్టిన సిమ్ ఒకటి ఉంది. దారి, బండి ఎక్కడుందో చెప్పడం, ఆపదలో నొక్కే ఎస్‌ఓఎస్ బటను అన్నీ దాని మీదే నడుస్తాయి. మూడేళ్లు ఉచితం, తర్వాత చందా. ఆ సిమ్ నా పేరు మీద లేదు, ఇంకో నెట్‌వర్కుకు మార్చుకోలేను. బండి ఆర్సీ మాత్రం 15 ఏళ్లకు ఇచ్చారు. మరి ఆ సిమ్ ఉన్న పెట్టె ఎన్నేళ్లు పనిచేస్తుంది అని షోరూములో అడిగితే "సార్, అప్‌డేట్లు వస్తుంటాయి" అన్నారు. ఎన్నేళ్లు అని అడిగాను నేను.

నా మాట ఇది: ఫోను సరంజామా కారులో భాగంగా బిగించి అమ్మితే, అది ఎన్నేళ్లు నడుస్తుందో బిల్లు మీద రాసి ఇవ్వాలి. లేదంటే దాన్ని ఊడదీసి వేరేది పెట్టుకునేలా ఉంచాలి. మీరేమంటారు?

అంబత్తూరు వాసి

అన్నా, నీ బాధ అర్థమైంది కానీ నేను ఒప్పుకోను. కారు నడపడానికి. అందులో ఫోను పని ఆశించడమే పొరపాటు. నేను చెన్నైలో పదేళ్లుగా ఒకే బండి నడుపుతున్నాను, తెరే లేదు. మంచి హోల్డరు ఒకటి, చార్జరు ఒకటి, అంతే. మూడేళ్లకోసారి ఫోను మారుస్తాను కాబట్టి మ్యాపులు ఎప్పుడూ కొత్తవే. ఇక పేర్లంటావా, ఇంగ్లీషులో సేవ్ చేసుకుంటే సరిపోయేదానికి కంపెనీ మీద ఇంత కోపమెందుకు? నువ్వడిగినట్టు బిల్లు మీద రాయమంటే దానికి కూడా మన దగ్గరే వసూలు చేస్తారు.

మహదేవపుర, ఊరు చిత్తూరు

హోల్డరు గురించి ఒప్పుకుంటాను, నేనూ కొన్నాను. కానీ తెర లేని వేరియంటు తీసుకుంటానంటే ఆరు ఎయిర్‌బ్యాగులు రావన్నారు. నాకు కావలసింది ఎయిర్‌బ్యాగులు. దానికి జతగా ఈ తెరను అంటగట్టి డబ్బు తీసుకున్నాక అది పనిచేయాలి కదా.

పేర్ల విషయంలో మాత్రం నీతో గట్టిగా విభేదిస్తాను. అమ్మ పేరు అమ్మ అనే రాసుకుంటాను. ఏడెనిమిది వేల రూపాయల ఫోను కూడా చూపిస్తున్న అక్షరాలను కారు చూపించలేకపోతే మారాల్సింది కారు.

ఎలక్ట్రానిక్ సిటీ, ఎంబెడెడ్

నేను ఈ పెట్టెలు తయారుచేసే పనిలోనే ఉన్నాను, కాబట్టి లోపలి సంగతి చెప్తాను.

కారు మోడలు కాగితం మీద మొదలై రోడ్డెక్కడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. మధ్యలో ఒక రోజు హార్డ్‌వేర్ ఫ్రీజ్ అంటాం. ఆ రోజు తర్వాత చిప్పు మార్చాలంటే పరీక్షలన్నీ మొదటినుంచీ. కారులో పెట్టే చిప్పు మైనస్ 40 నుంచి 85 డిగ్రీల దాకా తట్టుకోవాలి. మే నెల మధ్యాహ్నం చెన్నైలో అద్దాలు మూసి నిలిపిన బండి డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి చూడండి, ఎందుకో తెలుస్తుంది. ఫోనుకు ఆ పరీక్షలు లేవు. అందుకే మీరు కొన్న రోజుకే ఆ తెర వయసు మూడేళ్లు. ఆ మోడలు ఇంకో ఐదేళ్లు అమ్ముతారు. ఐదో ఏట కొన్నవాళ్లకు ఎనిమిదేళ్ల పాత పెట్టె వస్తుంది. ఇది మోసం కాదు, పని తీరే అంత.

బావిలో గొంతు సంగతి: బ్లూటూత్‌లో కాల్స్ కోసం హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైల్ అని ఉంటుంది. పాత పద్ధతిలో గొంతును సెకనుకు 8 వేల సార్లు మాత్రమే కొలిచి పంపుతారు. 2011లో వచ్చిన 1.6 వెర్షన్‌తో 16 వేలు అయింది. మీ ఫోనుకు వోల్టీ మీద, అంటే 4జీ కాల్‌లో, అమ్మగారి గొంతు 16 వేలతోనే వస్తోంది. కారు పాత పద్ధతే మాట్లాడితే ఫోను దాన్ని సగానికి కోసి కారుకు ఇస్తుంది. స, శ, ఫ లాంటి శబ్దాలు అందులోనే పోతాయి. అయితే మైకు ఎక్కడ పెట్టారన్నది కూడా ముఖ్యమే. ఏసీ గాలి తగిలే చోట పెడితే గొంతును ఏ పద్ధతిలో పంపినా అంతే. మీకు రెండూ ఉండొచ్చు.

తెలుగు డబ్బాల విషయంలో మాత్రం మా వైపు నుంచి సాకు లేదు. నోటో తెలుగు ఫాంటు ఉచితం. వొత్తులు, గుణింతాలు సరిగా కలిపే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితం. ఫాంటు ఫైలు ఫోనుతో తీసిన ఒక ఫొటో అంత కూడా ఉండదు. అప్‌డేటులో పంపించేయొచ్చు. స్పెసిఫికేషన్‌లో "తెలుగు" అన్న గడిలో ఎవరో టిక్కు పెట్టలేదు, ఎవరూ అడగలేదు, అంతే. ఆ మీటింగుల్లో కూర్చునే వాళ్లలో తెలుగువాళ్లం చాలామందిమి ఉంటాం. అది తలచుకుంటే నాకే కష్టంగా ఉంటుంది.

షోళింగనల్లూరు

అంబత్తూరు వాసి గారూ, హోల్డరు చాలు అన్నారు. నా అనుభవం చెప్పనివ్వండి.

పోయిన ఏడాది రాత్రి పదిన్నరకు చెన్నై ఓఎంఆర్ రోడ్డులో నావలూరు దాటాక సిగ్నలు దగ్గర వెనకనుంచి వ్యాను గుద్దింది. ప్రాణానికి ఏమీ కాలేదు. కానీ హోల్డరులో ఉన్న ఫోను ఎగిరి ఎక్కడో పడింది. సీట్ల కింద మోగుతున్నట్టు వినిపిస్తోంది, చెయ్యి అందడం లేదు, మెడ తిప్పితే నొప్పి. తల పైన, లైటు పక్కన ఎర్ర బటను కనిపించింది. నొక్కాను. కొన్ని సెకన్లకు కారు స్పీకరులోంచి ఒక ఆడమనిషి గొంతు. ముందు హిందీలో, తర్వాత ఇంగ్లీషులో. తెలుగులోనో తమిళంలోనో మాట్లాడి ఉంటే ఇంకాస్త ధైర్యం వచ్చేది, కానీ నేను ఎక్కడున్నానో ఆమెకు అప్పటికే తెలుసు. ఆ ఒక్క మాటకు నా వణుకు సగం తగ్గింది. మా ఆయనకు మెసేజీ కూడా వెళ్లింది.

అందుకే కారుకు సొంత ఫోను ఉండాలి అంటాను. కానీ ఉన్నాక అది బతికుండాలి. యూరప్‌లో 2018 మార్చి 31 నుంచి కొత్తగా ఆమోదం పొందే కారు మోడళ్లకు ఈకాల్ తప్పనిసరి చేశారు, ఢీకొంటే కారే అక్కడి అత్యవసర నంబరు 112కు ఫోను చేస్తుంది. అయితే దాన్ని అప్పటి 2జీ, 3జీ నెట్‌వర్కుల కోసం తయారుచేశారు. ఇప్పుడు ఆ నెట్‌వర్కులు ఒక్కొక్కటే ఆపేస్తున్నారు. అమెరికాలో ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరి 22న 3జీ ఆపేసినప్పుడు ఎన్నో కార్లలో ఆ బటను ఉత్త ప్లాస్టిక్కు ముక్కగా మిగిలింది. ఆస్ట్రేలియాలో 2024 అక్టోబరులో టెల్‌స్ట్రా, ఆప్టస్ కూడా 3జీ ఆపాయి. మన దగ్గర ఎయిర్‌టెల్ 3జీని 2020 నాటికే దాదాపుగా వదిలేసింది, జియో 2016లో మొదలైందే 4జీతో. ఇప్పుడు కార్లలో ఉన్నవి ఎక్కువగా 4జీ పెట్టెలే. 15 ఏళ్ల తర్వాత 4జీ ఉంటుందని ఎవరు రాసిస్తారు? బస్సులకు, ట్యాక్సీలకు ఏఐఎస్-140 అనే ప్రమాణం కింద ట్రాకరు, ప్యానిక్ బటను ఉండాలన్నారు. సొంత కార్లకు ఆ నిబంధన వర్తించదు. నా బటను ఏ రోజు చచ్చిపోతుందో నాకు ముందే తెలియాలి. చందా కట్టలేదని ఆ బటను ఆపేయడం అసలు కూడదు.

అంబత్తూరు వాసి

అమ్మా, మీరు క్షేమంగా బయటపడ్డందుకు సంతోషం. ఆ బటను విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది ఉండాలి, చందా లేకుండా ఉండాలి. తెర, పాటలు, పేర్లు వాటి విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. ఆ బటనునూ ఈ తెరనూ కలిపి ఒకే పెట్టెలో పెట్టడమే అసలు తప్పేమో.

జేసీ రోడ్డు

మాది బెంగళూరు జేసీ రోడ్డులో యాక్సెసరీల షాపు. ఇరవై రెండేళ్లుగా స్టీరియోలు బిగిస్తున్నాను. ఇంజినీరు గారు చెప్పిన ఫ్రీజులూ పరీక్షలూ నాకు తెలియవు, చేత్తో పట్టుకున్నది మాత్రం చెప్తాను.

పాత కార్లలో డాష్‌బోర్డు మధ్యన ఒక కంత ఉండేది. వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50. డబుల్ డిన్ అనే పెద్ద సైజు అయితే ఎత్తు 100. జర్మనీలో మొదలైన కొలత, తర్వాత లోకమంతా అదే. ఏ కంపెనీ కారైనా, ఏ కంపెనీ సెట్టయినా అందులో కూర్చునేది. మొన్న 2009 మోడలు బండి వచ్చింది. సీడీ ప్లేయరు ఊడదీసి కొత్త టచ్ సెట్టు పెట్టాను. గంట కూడా పట్టలేదు. ఆ పెద్దాయన కారులో ఇప్పుడు వైరు లేకుండా మ్యాపు వస్తుంది, తెలుగులో పేర్లు వస్తాయి. పదిహేనేళ్లు దాటిన బండి, కొత్త కారును మించిపోయింది.

కొత్త బండ్లలో ఆ కంత లేదు. తెర డాష్‌బోర్డులో కలిసిపోయింది. దాంట్లోనే ఏసీ, దాంట్లోనే రివర్సు కెమెరా, తలుపు లాకుల సెట్టింగులు కూడా దాంట్లోనే. తీస్తే సగం బండి మూగబోతుంది. స్టీరింగు బటన్లు పనిచేయాలంటే కారు లోపలి సిగ్నళ్లను కొత్త సెట్టుకు అందించే క్యాన్ అడాప్టరు వేరేగా పెట్టాలి. అవన్నీ చేసినా వారంటీ పోయిందంటారు. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లకు నేనే వద్దని చెప్పి పంపిస్తున్నాను, బేరం పోయినా సరే. మీరు బిల్లు మీద రాయమని అడుగుతున్నారు. నేనైతే ఆ కంత మళ్లీ ఇమ్మని అడుగుతాను.

ఎలక్ట్రానిక్ సిటీ, ఎంబెడెడ్

జేసీ రోడ్డు అన్నా, కంత తిరిగి రాదు. కెమెరా, భద్రతకు సంబంధించిన హెచ్చరికలు అన్నీ ఆ తెర మీదే ఉన్నాయి. బయటి సెట్టు పెట్టి అవి ఆగిపోతే బాధ్యత ఎవరిది? కానీ సిమ్ పెట్టి నెట్‌వర్కుకు కలిపే మోడెము ఒక్కటీ విడిగా, పలకలా లాగి కొత్తది దూర్చేలా చేయడం కష్టమేమీ కాదు. ఖర్చు కాస్త పెరుగుతుంది. ఎవరైనా గట్టిగా అడిగితే చేస్తారు.

మహదేవపుర, ఊరు చిత్తూరు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను.

కంపెనీకి మూడు ప్రశ్నలు రాసి పంపాను. మోడెముకు ఎన్నేళ్లు సర్వీసు? చందా ఆపినా ఎస్‌ఓఎస్ పనిచేస్తుందా? తెలుగు ఎప్పుడు వస్తుంది? మొదటి రెండింటికీ జవాబు లేదు. మూడోదానికి మాత్రం ప్రస్తుతానికి ఆలోచన లేదని, పేర్లు ఇంగ్లీషులో పెట్టుకోమని రాశారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. నంబరు ఇచ్చారు. షోళింగనల్లూరు అక్కయ్య చెప్పిన చందా మాట కూడా అందులో చేర్చాను. మీలో ఇలాంటి బండి ఉన్నవాళ్లు ఆ మొదటి రెండు ప్రశ్నలూ మీ మీ కంపెనీలను అడిగి, వచ్చిన జవాబు ఇక్కడ పెట్టండి.

పేర్లు మార్చలేదు. నిన్న రాత్రి ఊరినుంచి తిరిగి వస్తుంటే నంగలి దగ్గర మోగింది. నాలుగు డబ్బాలు. అమ్మకు ఒంట్లో బాగాలేక అప్పుడే చూసి వస్తున్నాను, గుండె ఝల్లుమంది. బండి పక్కకు తీసి, హజార్డు లైట్లు వేసి, ఫోను చేతిలోకి తీసుకుని చూశాను. అక్క. రాష్ట్ర సరిహద్దు దాటావా అని అడగడానికి చేసింది.